వడ్రంగిపిట్ట సాక్ష్యం

సమానత్వం మాట ఎత్తగానే మన ఊళ్లలో పెద్దమనిషి అరచెయ్యి చాపి చూపిస్తాడు. "అయిదు వేళ్లూ ఒక్క తీరుగా వున్నాయా?" అంటాడు. అంతటితో వాదం ముగిసిందనుకుంటాడు. నిజానికి అక్కడ వాదం మొదలే కాలేదు. వేళ్ల పొడుగులో తేడా వున్నదన్న మాటకూ, ఏడాది పొడుగునా వొళ్లు వంచిన కౌలురైతు పంటలో పెద్దభాగం మరొకరి గుమ్మంలో కుమ్మరించాలన్న మాటకూ మధ్య ఏ సంబంధమూ లేదు. కాని ఆ చెయ్యి ప్రకృతి ఇచ్చిన చెయ్యి గనుక, ప్రకృతి అబద్ధమాడదని మనకు నమ్మకం గనుక, ఎదుటివాడు ఒక్క క్షణం తడబడతాడు. ఆ తడబాటే పెద్దమనిషికి కావలసినది.

కొంచెం చదువుకున్నవాడు వేళ్లు వదిలి చేపల దగ్గరికి పోతాడు. పెద్ద చేప చిన్న చేపను మింగడం లోకసహజమనీ, దండం పట్టిన రాజు లేకపోతే మనుషులూ అంతేననీ కౌటిల్యుడి కాలం నుంచీ చెబుతున్నారు. ఇంకా చదువుకున్నవాడు డార్విన్ పేరు చెబుతాడు. ఈ రోజులలోనైతే జన్యువుల పేరు చెబుతాడు. సాక్షులు మారారు, సాక్ష్యం మారలేదు. ఇక మన పక్షం వారూ తక్కువ తినలేదు. చీమల బారును చూపించి సమష్టి శ్రమ అన్నాం, తేనెతుట్టెను చూపించి సహకారం అన్నాం. ఆ తుట్టెలో రాణి వున్నదన్న సంగతి ఎదుటివాడు గుర్తుచేసినప్పుడు మాట మార్చాం.

ఒక ప్రాణి నడవడి మానవ సమాజంలోని న్యాయాన్యాయాల గురించి సాక్ష్యం చెప్పగలదా? ఈ ప్రశ్నను సూత్రాలతో చర్చించడం సులభమే, కాని దానివల్ల ఎవరి అభిప్రాయమూ మారదు. అందుచేత ఒకే ఒక పిట్టను తీసుకుని చూద్దామనుకున్నాను. ఏ పక్షం వారికి కావలసిన సాక్ష్యం ఆ పక్షానికి దండిగా దొరికే పిట్టను కావాలనే ఎన్నుకున్నాను.

అది మన దేశపు పిట్ట కాదు. కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో, కార్మెల్ లోయకు ఎగువన, హేస్టింగ్స్ అనే పేరుగల పరిశోధన క్షేత్రం ఒకటి వున్నది. 1937లో ఏర్పడిన ఆ క్షేత్రం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందినది. చుట్టూ ఓక్ చెట్ల కొండలు. అక్కడి వడ్రంగిపిట్ట మన తోటల్లో మామిడి మానును పొడిచే వడ్రంగిపిట్టకు దూరపు చుట్టం. నల్లని వీపు, ఎర్రని నెత్తి, తెల్లని కళ్లు, చూడగానే భాగవతంలో హాస్యగాడి వేషం గుర్తుకు వచ్చే ముఖం. పురుగులను తింటుంది గాని, చలికాలం గడవాలంటే దానికి ఓక్ కాయలే ఆధారం. 1938లో విలియం రిటర్ అనే జంతుశాస్త్రవేత్త ఈ పిట్ట మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు. గ్రంథం పేరులో పిట్టతో పాటు 'నేను' అని తనను కూడా చేర్చుకున్నాడు. ఆ చేర్పు నాకు నచ్చింది. చూసేవాడు కూడా ఆ దృశ్యంలో వున్నాడని ఒప్పుకున్న శాస్త్రవేత్తలు ఎక్కువమంది లేరు.

ఈ పిట్టల గాదెను గురించి ముందు చెప్పాలి. ఒక పెద్ద చెట్టు బెరడులో, ఎండిపోయిన కొమ్మలలో, ఇవి ముక్కుతో వేలకొద్దీ గుంటలు తొలుస్తాయి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క కాయను బిగించి కొడతాయి. కాయ ఎండి కుంచించుకుపోతే గుంటలో వదులవుతుంది. వదులైన కాయను ఇతర పక్షులు తేలికగా లాక్కుపోతాయి. అందుకని దాన్ని పీకి ఇంకొక చిన్న గుంటలో బిగిస్తాయి. చలికాలమంతా ఈ సవరింపు సాగుతూనే వుంటుంది. పెద్ద గాదె చెట్లలో గుంటలు యాభై వేల దాకా వుంటాయి. ఒక గుంపు ఒక ఏడాదిలో తొలిచే గుంటలు కొన్ని వందలకు మించవు కనుక, అటువంటి గాదె ఒక తరం కష్టం కాదని తెలుస్తూనే వున్నది. తాతముత్తాతలు తొలిచిన గుంటలలో మనుమలు కాయలు దాచుకుంటారు. గాదె వున్న చోటే కాపురం. గాదె లేని చోట బ్రతుకు కష్టం.

కాపురం సంగతి ఇంకా విచిత్రం. ఒక్కొక్క గాదెను ఆశ్రయించి రెండు మొదలు పదిహేను దాకా పిట్టలు కలిసి బ్రతుకుతాయి. అన్నదమ్ములో, తండ్రీకొడుకులో అయిన కొన్ని మగపిట్టలు, వాటితో రక్తసంబంధం లేని అక్కచెల్లెళ్లో తల్లీకూతుళ్లో అయిన ఒకటి రెండు మూడు ఆడపిట్టలు. వీటన్నిటిదీ ఒకే తొర్ర, ఒకే గూడు. ఆడపిట్టలన్నీ ఒకే గూటిలో గుడ్లు పెడతాయి. వీటికి తోడు వెనుకటి సంవత్సరాలలో పుట్టిన పిల్లలు ఇల్లు విడిచిపోకుండా అక్కడే వుండి, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేత తెచ్చిపెడుతూ, గాదెకు కాపలా కాస్తాయి. పరిశోధకులు వీటిని సహాయకులు అంటారు. కన్నవారు బ్రతికివుండగా ఇవి జతకట్టవు. కొన్ని అలా సంవత్సరాల తరబడి వుండిపోతాయి.

ఇంతవరకు విన్నవారు ఇది ఆదిమ సామ్యవాదమే కదా అనుకుంటారు. ఉమ్మడి గాదె, ఉమ్మడి గూడు, ఉమ్మడి పోషణ. మైకేల్ మాక్‌రాబర్ట్స్, బార్బరా మాక్‌రాబర్ట్స్ దంపతులు 1976లో ఈ పిట్టల సంఘజీవనాన్ని గురించి మొదటి పెద్ద నివేదిక ప్రకటించారు. ఆ తర్వాత వాల్టర్ కోనిగ్, రోనాల్డ్ మమ్మే మొదలైనవారు పిట్టల కాళ్లకు రంగురంగుల కడియాలు తొడిగి, ఏ పిట్ట ఎవరి బిడ్డో, ఎక్కడ పుట్టి ఎక్కడ చచ్చిందో దశాబ్దాల తరబడి లెక్క రాశారు. మన కరణాలు కూడా ఒక ఊరి వంశవృక్షాలను అంత నిజాయితీగా రాసి వుండరు. ఆ లెక్కలు పోగవుతున్నకొద్దీ ఉమ్మడి కాపురం లోపలి కథ బయటపడింది.

1983లో మమ్మే, కోనిగ్, పిటెల్కా ముగ్గురూ కలిసి ప్రకటించిన పరిశీలన ఇది. ఒకే గూటిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు గుడ్లు పెట్టవలసి వున్నప్పుడు, ఒకతె ముందుగా గుడ్డు పెడితే, ఇంకా పెట్టని రెండవది ఆ గుడ్డును ముక్కుతో పట్టుకుని బయటికి తెస్తుంది. దగ్గరలో వున్న కొమ్మ సందులో పెట్టి పగలగొడుతుంది. గుంపులోని పిట్టలు చేరి దాన్ని తింటాయి. ఒక్కొక్కప్పుడు ఆ గుడ్డు పెట్టిన తల్లి కూడా వచ్చి తింటుంది. రెండవది తన గుడ్డు పెట్టేదాకా ఈ పని సాగుతుంది. ఇద్దరి గుడ్లూ గూటిలో పడ్డ తర్వాత ఆగిపోతుంది. ఏది తనదో ఏది పరాయిదో పోల్చుకోలేకపోవడమే దానికి కారణమని పరిశోధకుల ఊహ. ఉమ్మడి గూళ్లలో పెట్టిన గుడ్లలో మూడవ వంతు కన్న ఎక్కువ ఈ విధంగా నాశనమవుతున్నాయని తేలింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్లు ఇద్దరూ కలిసే పొదుగుతారు, కలిసే పిల్లలను మేపుతారు.

ఇది లోపలి పోరు. బయటి పోరు ఇంకా పెద్దది. ఒక గుంపులో తల్లి చనిపోయిందనుకుందాం. తండ్రి వున్నాడు, కొడుకులు వున్నారు, ఎదిగిన కూతుళ్లు వున్నారు. కూతుళ్లు తండ్రితో జతకట్టవు. అంటే ఆడపిట్ట స్థానం ఖాళీ అయింది. ఈ సంగతి చుట్టుపక్కల గుంపులకు చాలా త్వరగా తెలిసిపోతుంది. తమ తమ ఇళ్లలో సహాయకులుగా కాలం గడుపుతున్న ఆడపిట్టలు, అక్కచెల్లెళ్లు జట్లుకట్టి, ఆ స్థానం కోసం వచ్చి పడతాయి. ఒకటి రెండు జట్లు కావు. నలభైకి పైగా పిట్టలు ఒక చెట్టు చుట్టూ మూగి కొట్టుకున్న సందర్భాలున్నాయి. రెక్కలు విరుగుతాయి, కళ్లు పోతాయి, కలియబడిన పిట్టలు నెత్తురోడుతూ నేలమీద పడతాయి. సహస్ బర్వే అనే భారతీయ పరిశోధకుడూ, ఆయన సహచరులూ చిన్న రేడియో పరికరాలు పిట్టలకు తగిలించి ఈ పోరాటాలను నిమిషాల లెక్కన గమనించారు. 2020లో వారు ప్రకటించిన ప్రకారం కొన్ని పిట్టలు రోజుకు పది గంటలకు పైగా, నాలుగు రోజుల పాటు పోరాడాయి. ఆ పోరాటంలో ఏ పాలూ లేని పిట్టలు మూడు కిలోమీటర్ల దూరం నుంచి కూడా ఎగిరివచ్చి, తమ గాదెలను వదిలిపెట్టి, గంటసేపు చూసి పోయేవట. చూడటంవల్ల వాటికి లాభమేమిటో ఆలోచించవలసిందే. ఎవరు బలవంతులు, ఎవరి ఇంట్లో ఎవరు లేరు అన్న సమాచారం దొరుకుతుందని పరిశోధకులు అంటారు. మన సంతలో పుంజుల పందెం చుట్టూ మూగే జనంలో సగం మంది కూడా అందుకే వస్తారు.

గెలిచిన అక్కచెల్లెళ్లు గృహప్రవేశం చేస్తారు. ఆ ఇంట పుట్టి, సంవత్సరాల తరబడి తమ్ముళ్లను సాకి, గాదె కాచిన కూతుళ్లను తరచు వెళ్లగొడతారు. కొడుకులకు మాత్రం కొత్త ఆడపిట్టలు పరాయివారు గనుక, తండ్రితో పాటు జతకట్టే అవకాశం దొరుకుతుంది. కొత్తగా వచ్చినవారు పాత గూటిలోని గుడ్లను, పిల్లలను చంపిన సందర్భాలను కూడా కొందరు గమనించారు. ఆ మర్నాటి నుంచి గాదె యథాప్రకారం నడుస్తుంది. కాయలు ఎవరు కూర్చినవో గాదెకు తెలియదు.

ఇప్పుడు మొదటి పెద్దమనిషి ముఖం చూడండి, వెలిగిపోతూ వుంటుంది. ఆస్తి వున్నది, ఎల్లలున్నాయి, వారసత్వం వున్నది, యుద్ధం వున్నది, అక్కచెల్లెళ్ల మధ్య ఈర్ష్య వున్నది. దాయాది పోరు మనుషుల్లోనే కాదు, మానుల మీద కూడా వున్నదని ఆయన సంతోషం.

ఈ సంతోషానికి కొంత భాగం మాటల నుంచి వచ్చింది. నేను పైన రాసిన వాక్యాలనే తిరగవేసి చదవండి. గృహప్రవేశం అన్నాను. కాపురం అన్నాను. గాదె అన్నాను. ఇవన్నీ మన ఇళ్లలోంచి తెచ్చి పిట్ట మీద కప్పిన మాటలు. శాస్త్రజ్ఞులు ఇంగ్లీషులో రాసినప్పుడు యుద్ధం అంటారు, అధికార పోరాటం అంటారు, ప్రేక్షకులు అంటారు. ఇంకా లోతుకు పోతే పెట్టుబడి, ఖర్చు, రాబడి అంటారు. బిడ్డకు మేత తేవడం పెట్టుబడి, బ్రతికిన బిడ్డ రాబడి. ఇది కొట్టు గుమాస్తా భాష. ఈ భాష ఎక్కడి నుంచి వచ్చిందో ఎంగెల్స్ 1875లో లవ్రోవ్‌కు రాసిన లేఖలో వివరించాడు. పోటీ మీద నడిచే సమాజం గురించిన సిద్ధాంతాన్ని, హాబ్స్ నుంచీ మాల్థస్ నుంచీ తీసుకుని, ముందు ప్రకృతికి తొడుగుతారు. తర్వాత అదే చొక్కాను ప్రకృతి వొంటి మీద నుంచి విప్పి, ఇదిగో శాశ్వత నియమం అంటూ సమాజానికి తిరిగి తొడుగుతారు. ఈ రెండు రాకపోకలలో చొక్కాకు శాస్త్రం ముద్ర పడుతుంది.

మనవాళ్లలో చాలామంది ఎంగెల్స్ లేఖను ఇంతవరకే చదివి ఆపుతారు. ఆ లేఖలోనే ఆయన ఇంకొక మాట చెప్పాడు. ప్రకృతిలో ఒకప్పుడు సామరస్యాన్ని మాత్రమే చూశారు, ఇప్పుడు పోరాటాన్ని మాత్రమే చూస్తున్నారు, రెండూ ఇరుకు చూపులే అని దాని సారాంశం. మాటలు అంగడి నుంచి వచ్చినంత మాత్రాన గుడ్డు పగలలేదని అనలేము. అక్క చెల్లెలి గుడ్డును పగలగొట్టిన మాట నిజం. కాళ్ల కడియాల రంగులు బూర్జువా సిద్ధాంతం ప్రకారం మారవు. ఒక పరిశీలన మనకు ఇష్టం లేని పక్షానికి ఉపయోగపడుతుందని దానిని తోసిపుచ్చడం మొదలుపెడితే, భౌతికవాదులమని చెప్పుకునే హక్కు మనకు పోతుంది.

టి.హెచ్. హక్స్‌లీ 1888లో ప్రకృతిని కత్తిసాము గోదాతో పోల్చినప్పుడు, దానికి జవాబుగా క్రొపోట్కిన్ వ్యాసాలు రాశాడు. అవే 1902లో పరస్పర సహాయం గురించిన గ్రంథమైనాయి. క్రొపోట్కిన్ పుస్తకాల పురుగు కాదు, సైబీరియాలో తిరిగి జంతువులను కళ్లారా చూసినవాడు. ఈ పిట్టను చూసి వుంటే ఉమ్మడి గాదె మీద తప్పకుండా ఒక అధ్యాయం రాసేవాడు. హక్స్‌లీ చూసి వుంటే ఖాళీ స్థానం కోసం జరిగే పోరు మీద రాసేవాడు. ఇద్దరూ అబద్ధం రాసేవారు కాదు. పోరూ సహకారమూ ఒకే చెట్టు మీద, ఒకే జట్టు చేతుల మీదుగా జరుగుతున్నాయి. అక్కచెల్లెళ్లు జట్టు కట్టకపోతే పోరులో గెలవరు. గెలిస్తేనే ఒకరి గుడ్డు ఒకరు పగలగొట్టుకునే గూడు దొరుకుతుంది. దేన్నుంచి దేన్ని విడదీస్తాం? హక్స్‌లీకి అన్యాయం చేయకుండా ఇంకొక మాట కూడా చెప్పాలి. 1893 నాటి ఉపన్యాసంలో ఆయన, నైతిక ప్రగతి అంటే ప్రకృతి పద్ధతిని అనుకరించడం కాదు, దానిని ఎదిరించడమని వాదించాడు. ఆయన పేరు చెప్పి బలవంతుడి పక్షాన వాదించేవారు ఆ ఉపన్యాసం చదివినట్టు కనబడదు.

ఇక పెద్దమనిషి వాదంలో అసలు మెలిక 'సహజం' అనే మాటలో వున్నది. సహజం అంటే ఎప్పుడూ అంతే, ఎక్కడా అంతే, మార్చలేము అని ఆయన భావం. ఈ పిట్టే దానికి అడ్డం వస్తున్నది. 1978లో స్టేసీ, బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరిజోనా ఆగ్నేయ భాగంలో ఇదే జాతి పిట్టలను గమనించి ప్రకటించారు. అక్కడ గాదె చెట్లు లేవు. పిట్టలు కాయలను బెరడు పగుళ్లలో దాచుకుంటాయి, అదీ కొద్దిగా. చలికాలం వచ్చేసరికి ప్రాంతం విడిచిపోతాయి. వాటిలో ఎక్కువభాగం గుంపులుగా గాక ఆలుమగలుగా, జంటలుగా బ్రతుకుతున్నాయి. అదే జాతి, అదే ముక్కు, అదే ఎర్రని నెత్తి. తరతరాల గాదె లేదు, కనుక దాన్ని అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి కాచుకునే సహాయకుల గుంపులూ అక్కడ కనబడలేదు.

ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం దాచుకోను. జీవన పరిస్థితులే సంఘ నిర్మాణాన్ని నిర్ణయిస్తాయనడానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ తరగతి గదిలో చెప్పడానికి దొరకదు. కాని దక్షిణంగా ఇంకా కిందికి పోతే, కొలంబియా కొండలలో ఈ పిట్టలు కాయలు పెద్దగా దాచవు, చెట్ల రసాల మీదా పురుగుల మీదా ఎక్కువగా ఆధారపడతాయి. అయినా గుంపులుగానే బ్రతుకుతున్నాయి. గాదె వుంటే గుంపు, లేకపోతే జంట అన్న సూత్రం అక్కడ పనిచెయ్యదు. పరిస్థితులు నిర్ణయిస్తాయి, నిజమే. ఏ పరిస్థితి, ఎంతవరకు అన్నది మాత్రం చోటు చోటునా తిరిగి వెతుక్కోవలసిందే. గాదెను చూసి మృతశ్రమ అనీ, పెట్టుబడి అనీ అనాలని మనకు నోరు ఊరుతుంది. ఆ పోలిక ఎంత దూరం నడుస్తుందో చూడండి. ఆ గాదెను ఎవరూ అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. అక్కడ కూలి లేదు, కౌలు లేదు. సహాయకుడు గాదె లోంచి మిగిలినవారితో పాటు తింటాడు. కాని బయటివాడికి తలుపు మూసి వున్నది. దాన్ని కమ్యూన్ అన్నా తప్పే, జమీందారీ అన్నా తప్పే. అది వడ్రంగిపిట్టల గాదె.

సహాయకుల త్యాగం గురించి వామపక్షపు శాస్త్రవేత్త ఒకాయన చాలా ముందే ఆలోచించాడు. జె.బి.ఎస్. హాల్డేన్ చాలాకాలం బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో వున్నవాడు. 1957లో మన దేశానికి వచ్చి, మొదట కలకత్తాలోనూ 1962 నుంచి భువనేశ్వర్‌లోనూ పనిచేసి, 1964లో అక్కడే కన్నుమూశాడు. మన పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. ఖరీదైన యంత్రాలు లేని దేశంలో కూడా ఓపికగా పక్షులనూ పురుగులనూ మొక్కలనూ గమనించి, లెక్కపెట్టి మంచి శాస్త్రం చెయ్యవచ్చునని హాల్డేన్ తన శిష్యులకు నేర్పాడు. ఆయన 1955లోనే, నీళ్లలో మునిగిపోతున్న బిడ్డ కోసం ప్రాణాలకు తెగించి దూకే గుణం తరతరాలకు ఎలా నిలుస్తుందన్న ప్రశ్న వేసుకుని, రక్తసంబంధం దగ్గరదైనకొద్దీ అటువంటి గుణం నిలిచే అవకాశం ఎక్కువని లెక్కకట్టి చూపించాడు. తమ్ముళ్లను మేపే సహాయకుడిని ఆ లెక్క కొంతవరకు అర్థం చేయిస్తుంది. అంతమాత్రాన ఆయన, చుట్టం కాని మనిషి ఆకలితో చచ్చినా మనకు పట్టనక్కరలేదని తీర్మానించలేదు. గుణం ఎలా నిలిచిందన్నది ఒక ప్రశ్న, ఏం చెయ్యాలన్నది ఇంకొకటి. ఈ రెండింటినీ వేరువేరుగా చూడడం ఆయనకు కష్టం కాలేదు. ఈనాడు జన్యువుల పేరు చెప్పి కులాన్నీ సంపదనూ సమర్థించేవారికి మాత్రం ఆ తేడా కనబడదు.

ఇదంతా ఒకసారి మా తరగతిలో చెప్పాను. చివర ఒక విద్యార్థిని లేచి అడిగింది: "మాస్టారూ, చెల్లెలి గుడ్డు పగలగొట్టిన పిట్టను తప్పుపట్టలేమంటారు. దాని పరిస్థితి అటువంటిది. సరే. మరి జమీందారు ఇంట పుట్టినవాడు, ఆ గాదె గింజలే తిని పెరిగినవాడు, వాడి పరిస్థితి వాడిది కాదా? వాణ్ణి మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?"

పిల్లలు నవ్వారు గాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. మన సిద్ధాంతానికి ఇదొక పాత చిక్కు. మార్క్సు తానే 1867లో, 'పెట్టుబడి' మొదటి సంపుటం ముందుమాటలో, పెట్టుబడిదారునూ భూస్వామినీ ఆర్థిక సంబంధాలకు ప్రతినిధులుగా మాత్రమే తీసుకుంటున్నాననీ, ఆ సంబంధాలకు వ్యక్తిని బాధ్యుణ్ణి చెయ్యడం తన దృష్టికి పొసగదనీ అన్నాడు. అయితే మన సభలలో, కరపత్రాలలో, కథలలో మనం భూస్వామిని తిట్టడం ఎప్పుడూ మానలేదు. ఏది సరి? బాధ్యుడు కాని మనిషి మీద కోపమెందుకు?

నేను ఆ అమ్మాయికి ముందు ఇంకొక సంగతి చెప్పాను. 2023 మొదట్లో కాలిఫోర్నియాలోని సాంటా రోసాలో ఒక ఇంటి గోడ తొలిచి చూస్తే లోపలి నుంచి ఓక్ కాయలు ధారగా కారాయి. సుమారు మూడు వందల కిలోల కాయలు. వడ్రంగిపిట్టలు చెక్కకు రంధ్రం చేసి అందులో కాయలు వేశాయి. అవి లోపలి ఖాళీలోకి జారిపోయాయి, తిరిగి తీసుకునే దారి లేదు. అయినా వేస్తూనే పోయాయి. ఇంతకాలంగా వేసినది ఏమవుతున్నదని ఆగి చూసుకోవడం ఆ పిట్టల వల్ల కాలేదు. తేనెటీగకూ ఇల్లు కట్టే శిల్పికీ మార్క్సు చూపించిన తేడా ఇదే: శిల్పి కట్టబోయే ఇంటిని ముందు తలలో కట్టుకుంటాడు. దానికి నేను ఒక మాట చేర్చదలిచాను. తలలో కట్టుకోగలవాడు, కట్టిన తర్వాత తప్పు కట్టానని కూడా తెలుసుకోగలడు. అంతేకాదు, పక్కవాడు వచ్చి "నువ్వు కట్టినది తప్పు" అంటే వినవలసిన పరిస్థితి వాడికి వున్నది.

జమీందారు ఇంట పుట్టడం ఎవరి తప్పూ కాదు. పుట్టినంత వరకు వాడూ పిట్టా సమానమే అనుకుందాం. కాని ఒకనాడు కౌలురైతు గుమ్మంలో నిలబడి "ఇది అన్యాయం" అంటాడు. అప్పుడు ఆ యజమాని ఏం చేస్తాడు? ఊరికే వుండడు. అరచెయ్యి చాపి, అయిదు వేళ్లూ ఒక్క తీరుగా వున్నాయా అంటాడు. చెల్లెలి గుడ్డు తీసుకుపోయే పిట్ట ఏ చెట్టునూ, ఏ చేపనూ, ఏ వేళ్లనూ చూపించదు. దానికి సమర్థించుకోవలసిన అవసరం లేదు. సమర్థించుకోవడం మొదలుపెట్టిన క్షణాన యజమాని, తాను కారణాలు చెప్పుకోవలసినవాణ్ణేనని తన నోటితోనే ఒప్పుకున్నాడు. ప్రకృతిని సాక్షిగా పిలిచాడంటే తాను బోనులో నిలబడ్డాడన్నమాట. అక్కడి నుంచి అతని బాధ్యత మొదలవుతుంది. పుట్టుక నుంచి కాదు, జవాబు నుంచి. మార్క్సు ముందుమాటకూ మన కోపానికీ ఈ విధంగా పొత్తు కుదురుతుందని నా అభిప్రాయం. సంబంధాలను విశ్లేషించేటప్పుడు మనిషి ఒక వేషం. ఆ సంబంధాలను సమర్థించే మాట నోటి నుంచి వచ్చినప్పుడు ఆ మాటకు మనిషే పూచీ.

ఆ అమ్మాయి దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. మాట్లాడకుండా దోచుకునేవాడి సంగతేమిటని అడిగింది. ఇప్పటి కంపెనీలలో వాటాదారుకు తన పేరు మీద ఏ పొలంలో ఎవరు చచ్చారో కూడా తెలియదు కదా, వాణ్ణి ఎవరూ అడగరు, వాడు ఏ వేళ్లూ చూపించడు అన్నది. అది గట్టి ఆక్షేపణే. దానికి నా జవాబు: అడిగేవాడి గొంతు గుమ్మం దాకా రాకుండా దూరం పెంచుకోవడం కూడా ఒక ఏర్పాటే, మనుషులు చేసిన ఏర్పాటే. అది ఎవరు చేశారో అడగవచ్చు. గంట కొట్టారు గనుక చర్చ అక్కడికి ఆగింది.

ఆ పిట్టలున్న మాంటెరే కౌంటీలోనే పిట్టలకన్న వేరైన మరొక స్థానభ్రంశం జరిగింది. ఎసెలెన్ అనే మూలవాసులు ఆ కొండలలో వుండేవారు. కాలిఫోర్నియా మూలవాసులలో చాలా తెగల మాదిరిగానే వారికీ ఓక్ కాయలు ఆహారం. దంచి, నీళ్లలో చేదు పోగొట్టి, గంజి కాచుకునేవారు. స్పెయిన్ వారు 1770లో మాంటెరేలో మిషన్ స్థాపించి, మరుసటి ఏడు దాన్ని కార్మెల్‌కు మార్చారు. మూలవాసులను అందులో చేర్చి పని చేయించారు. రోగాలతో, కొత్త బ్రతుకుతో జనం క్షీణించారు, భూమి పోయింది. పట్టుకుపోయినవారు ఊరికే పట్టుకుపోలేదు. ఆత్మల ఉద్ధారం అన్నారు, నాగరికత అన్నారు, తర్వాత వచ్చినవారు పత్రాలు రాశారు, చట్టం అన్నారు. గాదె గెలుచుకున్న వడ్రంగిపిట్టకు ఇన్ని మాటలు అక్కరలేకపోయింది. వెళ్లగొట్టబడిన పిట్టకు కూడా మాటలు లేవు. అది మరొక చోట ఖాళీ కోసం వెతుక్కుంటుంది, లేదా చస్తుంది.

ఎసెలెన్ జనం మాత్రం అది అన్యాయమన్న మాటను తాతల నుంచి మనుమల దాకా చెప్పుకుంటూ వచ్చారు. 2020 జూలైలో, లిటిల్ సర్ నది దగ్గర, సుమారు 1200 ఎకరాలు ఎసెలెన్ తెగ పేరు మీదికి తిరిగి వచ్చాయి. అందుకు కాలిఫోర్నియా రాష్ట్ర నిధి నుంచి 45 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఆ డబ్బు తీసుకున్నది అప్పటిదాకా పత్రాలున్నవారు.